మూడో తరగతిలో గెలవాల్సిన పోటీ

(కొమర్రాజు లక్ష్మణరావు గారి స్మృతిలో సుల్తాన్ బజార్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. నాగపూర్‌లో చదువుకున్నారు. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1923లో, నలభై ఆరేళ్లకే కన్నుమూశారు. అంత చిన్న జీవితంలో ఆయన తలకెత్తుకున్న పనులు ఒక విశ్వవిద్యాలయం చేయాల్సినన్ని. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు, ఇంకొందరు మిత్రులతో కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. అది ఉన్న ఈ సుల్తాన్ బజార్‌ను అప్పట్లో రెసిడెన్సీ బజార్ అనేవారు. నిజాం రాజ్యంలో కచేరీల్లో గాని, పెద్ద చదువుల్లో గాని తెలుగుకు చోటు లేని రోజులవి. 1906లో హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలిని పెట్టారు. రెండేళ్ల తర్వాత అది మద్రాసుకు తరలింది.

ఆ మండలి వేసిన పుస్తకాల పేర్లు ఒక్కసారి తలుచుకోండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టారు. ఆ తర్వాత జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం తెలుగులో రాయించారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి చేత అర్థశాస్త్రం రాయించారు. లక్ష్మణరావు గారు ఎం.ఏ. చదివినవారు, ఇంగ్లిష్‌లో ఏ గ్రంథమైనా చదువుకోగలవారు. తనకు అందిన విద్య తన దగ్గరే ఉండిపోతే దేశానికి ఏం ఒరుగుతుందని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న ఆయన ఇంట్లోనే పుట్టిందని నాకు అనిపిస్తుంది. ఆయన అక్క బండారు అచ్చమాంబ గారు బడికి వెళ్లలేదు. తమ్ముడి పాఠాల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు, తెలుగులో తొలి కథకుల్లో ఒకరయ్యారు. ఒక ఇంట్లో ఒక్క పాఠం పక్కవారికి అందితేనే అంత ఫలం వచ్చింది. ఊరూరా అందితే ఎలా ఉంటుందన్నదే ఆయన జీవితమంతా చేసిన ఆలోచన.

ఈ సాయంత్రం నేను ఎత్తుకున్న విషయానికి మూలం కూడా అదే. చదువు నాణ్యతకూ ప్రపంచ విపణిలో మన దేశం నిలదొక్కుకోవడానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడతాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దేశాల మధ్య పోటీలో మనం గెలుస్తామో ఓడిపోతామో ఐఐటీ ప్రవేశ పరీక్షలో తేలదు, సివిల్స్ ఇంటర్వ్యూలో తేలదు. మారుమూల బడిలో మూడో తరగతి పిల్లవాడు ఒక పేరా చదివి అర్థం చేసుకోగలుగుతున్నాడా లేదా అన్నచోట తేలుతుంది.

మూడు స్టేషన్ల చరిత్ర

మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వరసగా వచ్చే మూడు స్టేషన్లు. తెలుగువారి చదువు చరిత్రలో సగం ఈ మూడు స్టేషన్ల చుట్టూనే జరిగింది.

నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావు గారు బాలికల కోసం తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల పెట్టించారు. ఇక్కడి విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమాన్ని గుర్తించలేదు. దాంతో ఆయన పుణే వైపు చూశారు. కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చి పిల్లలను పరీక్షలు రాయించారు. మన ఆడపిల్లలు తమకు తెలిసిన భాషలో మెట్రిక్ దాకా చదవడం కోసం ఒక మనిషి అంత దూరం వెళ్లి తలుపు తట్టారు. నాణ్యమైన చదువు పిల్లల హక్కు అన్న మాట చట్టాల్లోకి రాకముందే ఆ మాట మీద నిలబడినవారు ఈ వీధుల్లో తిరిగారు.

ఇక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని పక్కనే అశోక్‌నగర్. పొద్దున లైబ్రరీ గేటు తెరవకముందే బ్యాగులతో వరస కడతారు. హాల్లో కుర్చీ దొరకనివారు చెట్టు కింద, మెట్ల మీద కూర్చుంటారు. వాళ్ల చేతుల్లో ఉండేవి లైబ్రరీ పుస్తకాలు కావు. తెలుగు అకాడమీ పుస్తకాలు, జిరాక్సు నోట్సులు, బిట్ బ్యాంకులు, కరెంట్ అఫైర్స్ మంత్లీలు. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు. ఇంటి దగ్గర అరెకరమో ఎకరమో ఉన్న తల్లిదండ్రులు నెలనెలా పంపే డబ్బుతో హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకుంటారు.

వాళ్లు సిద్ధమయ్యే పరీక్షల్లో ఒకటైన తెలంగాణ గ్రూప్-1లో 2022లో 503 పోస్టులకు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో పోస్టుకు ఏడు వందల యాభై మందికి పైగా. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి మరుసటి మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఈ మధ్యలో గడిచిపోయింది ఒక తరం పిల్లల ఇరవైల వయసు. నేను ఈ పిల్లలను ఒక్క మాట కూడా అనను. వాళ్లంత కష్టపడే యువత ఏ దేశంలోనైనా దొరకడం అరుదు. నా ఆవేదన వేరే. డిగ్రీ పట్టా చేతికొచ్చాక కూడా ఆ పట్టా తమకు పని తెచ్చిపెడుతుందన్న నమ్మకం లేక, దేశంలో అత్యంత చురుకైన వయసులో ఉన్న లక్షల మంది మళ్లీ ఆరో తరగతి సాంఘికశాస్త్రం దగ్గర మొదలుపెడుతున్నారు. బడి పదేళ్లు, కాలేజీ అయిదేళ్లు ఏం చేసినట్టు?

పేరా చదవడం

దీనికి జవాబు కోసం బడి దగ్గరికే వెళ్లాలి. ‘ప్రథమ్’ సంస్థ ‘అసర్’ పేరుతో గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షిస్తుంది. అందులో చదివే పరీక్ష చాలా చిన్నది. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, నాలుగు తేలిక వాక్యాల పేరా, చివర రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. పిల్లవాడి చేత చదివిస్తారు. అంతే. 2018లో తెలంగాణ మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవారు 18.1 శాతం. కరోనా తర్వాత 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు పడిపోయింది. 2024లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఈ అంకె 23.4 శాతానికి చేరింది. 2018 నాటి స్థాయిని దాటామని సంతోషించాలి. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారని మరిచిపోకూడదు.

ఈ అంకెల వెనక ఏముందో నేను దగ్గరగా చూశాను. ఒక బడిలో మూడో తరగతి అమ్మాయి వాచకం తెరిచి వేలు పెట్టి చదువుతోంది. ‘చె... రు... వు... లో’ అని ఒక్కో అక్షరం సరిగ్గానే పలికింది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో జారిపోయింది. “చెరువులో ఏమున్నాయమ్మా?” అంటే టీచర్ ముఖం చూసింది. అదే అమ్మాయి వాళ్ల ఊరి చెరువు గురించి అడిగితే చేపల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. తెలివికి ఏ లోటూ లేదు. అక్షరం నుంచి అర్థానికి వెళ్లే దారి ఎవరూ వేయలేదు. పై తరగతుల్లో పరిసరాల విజ్ఞానం, సైన్స్ వచ్చి మీద పడతాయి. ఆ అమ్మాయి అన్నిటినీ ఇలాగే పలుకుతుంది, కంఠస్థం చేస్తుంది, పాసవుతుంది కూడా. మన బడి పిల్లలకు నేర్పే చోటు కావాల్సింది పోయి జల్లెడగా మారింది. పైన నిలిచిన కొద్దిమందిని చూసి మురిసిపోతాం. కింద రాలిపోయినవారు ఎక్కడికి వెళ్లారో అడగం.

ఆర్థికవేత్తలు ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వోస్‌మన్ అనేక దేశాల గణాంకాలు పోల్చి చెప్పింది కూడా ఇదే. ఒక దేశం వృద్ధికి అక్కడి పిల్లలు బడిలో గడిపిన ఏళ్లతో ఉన్న సంబంధం కన్నా, అక్కడ నేర్చుకున్నదానితో ఉన్న సంబంధం చాలా బలమైనది. మన దేశంలో పిల్లలు బడిలో చేరడం అనే యుద్ధం దాదాపు గెలిచాం. నేర్చుకోవడం అనే యుద్ధంలో ఇంకా మొదటి అడుగులోనే ఉన్నాం.

అంతర్జాతీయంగా పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే ‘పీసా’ పరీక్షలో 2009 విడత కోసం మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. 74 దేశాలు, ప్రాంతాల జాబితాలో అడుగు నుంచి రెండో, మూడో స్థానాల్లో నిలిచాయి. ఆ ప్రశ్నలు మన పిల్లలకు తగినవి కావన్నారు. ఆ తర్వాత మనం ఆ పరీక్ష రాయలేదు. 2012లో వియత్నాం మొదటిసారి రాసింది. మనలాగే యుద్ధాలు, పేదరికం చూసిన దేశం. గణితంలో 511 మార్కులు తెచ్చుకుంది. అమెరికాకు వచ్చినవి 481. బడి మానేసిన పిల్లలు ఆ లెక్కలోకి రాలేదన్న విమర్శ నిజమే. దాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ దేశం తన సంపదకు మించి చదువు చెప్పిందన్న సంగతి మిగులుతుంది. 2009లో శాంసంగ్ అక్కడ బాక్‌నిన్‌లో ఫోన్ల కర్మాగారం తెరిచింది. కొలతలు చదవగల, సూచనలు అర్థం చేసుకోగల, కొత్త యంత్రం వస్తే నెలలో అలవాటు చేసుకోగల లక్షల మంది మామూలు కార్మికులు ఉంటేనే అలాంటి పరిశ్రమ ఒక దేశంలో వేళ్లూనుకుంటుంది. వాళ్లను తయారుచేసేది పల్లెబడి.

మన నగరం గెలిచిన తీరు

“హైదరాబాద్ ప్రపంచంతో పోటీపడి గెలవలేదా?” అని మీరు అడగవచ్చు. గెలిచింది. ఎలా గెలిచిందో చూద్దాం. 1944లో ఇక్కడ పెట్టిన కేంద్ర పరిశోధనశాల తర్వాత ప్రాంతీయ పరిశోధనశాలగా, ఈ నాటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)గా ఎదిగింది. 1960లలో బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందును సొంత పద్ధతిలో తయారుచేసుకునే వీలు ఇచ్చింది. ఈ మూడూ ఉన్నా రసాయన శాస్త్రం గట్టిగా వచ్చిన మనుషులు లేకపోతే ఏమీ జరిగేది కాదు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివిన ఎ.వి. రామారావు గారు ఐఐసీటీలో ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని రూపొందించారు. సిప్లా ఆ మందును తక్కువ ధరకు అందించగలిగింది. జిల్లా కాలేజీ ప్రయోగశాలలో, శ్రద్ధగా చెప్పిన అధ్యాపకుల దగ్గర మొదలైన చదువు ప్రపంచంలో పేద రోగుల దాకా వెళ్లింది. పోటీతత్వం అన్నమాటకు ఇంతకన్నా గొప్ప అర్థం నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ గెలిచాం. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కు, శంతను నారాయణ్ అడోబీకి అధిపతులయ్యారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మన ఊళ్ల నుంచి వేలమంది ప్రపంచమంతా వెళ్లారు. అందరికీ గర్వమే. కానీ ఆ విజయం పలచటి పొర మీద నిలబడింది. కృత్రిమ మేధ వచ్చి, రోజూ ఒకేలా చేసే కోడింగ్ పనులను యంత్రం చేసిపెడుతున్న కాలంలో ఆ పొర ఇంకా పలచబడుతుంది. చెప్పింది చెప్పినట్టు చేయడం నేర్చినవాడికి కష్టకాలం. తెలియని సమస్యను చదివి, అర్థం చేసుకుని, తన మాటల్లో ప్రశ్న వేయగలిగినవాడికే భవిష్యత్తు. బట్టీ పట్టించే బడి ఆ మనిషిని తయారుచేయలేదు.

ఏది పనిచేస్తుంది?

ఇక్కడ మన తెలుగు నేల ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ప్రభుత్వంతో, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి అయిదు జిల్లాల్లో పెద్ద అధ్యయనాలు చేశారు. కొన్ని ప్రభుత్వ బడుల్లో పిల్లల చదువు మెరుగైనదాన్ని బట్టి ఉపాధ్యాయులకు చిన్న బోనస్ ఇచ్చారు. సగటున ఏడాది జీతంలో దాదాపు 3 శాతం. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతా బడుల కన్నా స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సాంఘికంలో కూడా. ఉపాధ్యాయులు అదనపు పాఠాలు చెప్పారు, వెనకబడినవారిని ప్రత్యేకంగా కూర్చోబెట్టుకున్నారు. వాళ్ల శ్రద్ధను ఎవరో గమనిస్తున్నారన్న భరోసాలోనే ఆ ఫలితం ఉందని నా అభిప్రాయం.

ఇంకో అధ్యయనంలో లాటరీ తీసి కొందరు పల్లె పిల్లలకు ప్రైవేటు బడిలో చదివే ఖర్చు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టింది ప్రభుత్వం పెట్టేదానిలో మూడోవంతు కన్నా తక్కువ. రెండు పక్షాలూ వినాల్సిన ఫలితమిది. టై కట్టించి బస్సెక్కించినంత మాత్రాన చదువు రాదు. అంతకు మూడింతలు ఖర్చు పెడుతున్న ప్రభుత్వం ఆ డబ్బుకు తగ్గ చదువు రాబట్టాలి.

భాష సంగతి చెప్పకుండా లక్ష్మణరావు గారి పేరు మీద ఉపన్యాసం పూర్తి కాదు. పిల్లలకు ఇంగ్లిష్ కావాలని తల్లిదండ్రులు కోరడం న్యాయమే. వాళ్లు జీవితంలో ఏ భాష లేక ఎక్కడ ఆగిపోయారో వాళ్లకు తెలుసు. పై వర్గాలవారు తమ పిల్లలను ఇంగ్లిష్‌లో చదివిస్తూ పేదవారికి మాతృభాష గొప్పతనం బోధించకూడదు. అలాగని తెలుగులోనే పేరా చదవలేని పిల్లవాడికి సైన్స్‌ను ఇంగ్లిష్‌లో పెడితే రెండూ పోతాయి. రెండు రాష్ట్రాలూ ఇంగ్లిష్ మాధ్యమంతోపాటు ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. ఇది మంచి పనిముట్టు. ఉపాధ్యాయులు ఆ రెండు పేజీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ పాఠం చెప్పేలా శిక్షణ ఇవ్వాలి. ముందు తెలుగులో ధారాళంగా చదవడం, దానిమీద బలంగా ఇంగ్లిష్. లక్ష్మణరావు గారు స్వయంగా నడిచిన దారి కూడా అలాంటిదే. ఆయన ఇంగ్లిష్‌లో నేర్చి తెలుగులో ఇచ్చారు, రెంటిలో దేన్నీ వదులుకోలేదు.

చేయాల్సిన పనులు

మొదటిది, మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లా చదవాలి, తీసివేత చేయాలి. మిగతా లక్ష్యాలన్నీ దీని తర్వాతే. ప్రతి ఊరి బడి ఫలితం ఆ ఊరి గోడ మీద కనిపించాలి. దేశం మళ్లీ ‘పీసా’ రాయాలి. అద్దంలో ముఖం చూసుకోవడానికి భయపడే దేశం పోటీలో నిలవదు.

రెండోది, ఉపాధ్యాయుల నియామకం. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాతి డీఎస్సీ పరీక్ష 2024లో, 11,062 పోస్టులకు జరిగింది. ఏడేళ్ల ఎడం. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఏడో తరగతి దాటేదాకా కొత్త టీచర్ రాకపోతే, ఆ నష్టాన్ని ఏ బడ్జెట్టూ తిరిగి తేలేదు. ఏటా డీఎస్సీ జరగాలి.

మూడోది, పరీక్ష. పదో తరగతి నుంచి గ్రూప్-1 దాకా ప్రశ్నపత్రం ఎలా ఉంటే కింద చదువు అలా ఉంటుంది. జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నలు తగ్గించి, ఒక పేజీ ఇచ్చి చదివి వాదించమనే ప్రశ్నలు పెంచితే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు కూడా రెండేళ్లలో తమ బోధన మార్చుకుంటాయి.

నాలుగోది, గ్రంథాలయం. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బు పూర్తిగా, సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరాలి. ప్రతి శాఖలో పిల్లల గది ఉండాలి. అందులో పరీక్షతో సంబంధం లేని కథల పుస్తకాలు ఉండాలి. చదవడం నేర్చిన పిల్లకు చదవడానికి ఏదో ఒకటి దొరకకపోతే ఆ నేర్పు రెండేళ్లలో ఎండిపోతుంది.

చివరిగా, అశోక్‌నగర్ నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీలో కొందరు రేపు డిప్యూటీ కలెక్టర్లు, ఎంపీడీఓలు, డీఎస్పీలు అవుతారు. ఎక్కడ పోస్టింగ్ వచ్చినా మొదటి నెలలోనే మీ పరిధిలోని ఒక బడికి వెళ్లండి. మూడో తరగతి గదిలో కూర్చుని ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించండి. చదవలేని పిల్లల పేర్లు రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అదే పేర్లు పిలిచి చదివించండి. ఈ ఒక్క పని ఏ జీవో లేకుండా మీ అధికారంతో చేయగలరు. పోస్టు రానివారు కూడా మీ ఊరి బడిలో వారానికి ఒక గంట ఇదే పని చేయగలరు. మీకు రాజ్యాంగం వచ్చు, అర్థశాస్త్రం వచ్చు, చరిత్ర వచ్చు. ఇంత చదువు ఒక్క పరీక్ష కోసమే అయిపోకూడదు.

తనకు తెలిసింది పది మందికి తెలియాలన్న పట్టుదలతో లక్ష్మణరావు గారు బతికారు. ఆయన తెలుగులో తలపెట్టిన విజ్ఞాన సర్వస్వం అకారం దగ్గరే ఉండగా వెళ్లిపోయారు. మిగిలిన అక్షరాలు మన పిల్లల చేత చదివించే బాధ్యత మనది.